నాలుగు నోట్రంప్ అనే రాజ్యాంగ సంక్షోభం

బ్రిడ్జి ఆటలో బిడ్డింగ్‌కి వాడుకోదగ్గ మాటలు మొత్తం 15. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, కళావరు, డైమన్, ఆటీను, ఇస్పేటు, నోట్రంప్, ఆపైన పాస్, డబుల్, రీడబుల్. చేతిలో ఉన్న 13 ముక్కల సంగతి ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్‌కి వీటితోనే చెప్పుకోవాలి. కనుబొమ్మ ఎగరెయ్యకూడదు. గొంతు సవరించుకోకూడదు. పార్ట్‌నర్ బిడ్ చూసి నిట్టూర్చకూడదు. ఇంత పొదుపైన భాషకు కొన్ని జోడీలు అర్థాలు రాసుకున్న నోట్సు మాత్రం వందల పేజీలు దాటిపోతుంది.

ఆ నోట్సును చూసి నవ్వేవాళ్లతో నేను కలవను. ఒప్పందాలు ఉండాలి. ఇప్పుడున్నవి చాలవు, ఇంకా కావాలి. పార్ట్‌నర్ల మధ్య ఒప్పందం ఉండేది మంచి కాంట్రాక్టుకు చేరడానికని పుస్తకాల్లో రాస్తారు. అది పైకి చెప్పే మాట. కాంట్రాక్టు మునిగాక తీసి చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి, అసలు అవసరం అదీ.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళతాను. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ, అలా రెండు జోడీలు. 52 ముక్కలూ పంచేశాక వేలం మొదలవుతుంది. నలుగురూ తలో ముక్క వేసే ఒక రౌండు గెలిస్తే ఒక ట్రిక్కు. ఫలానా రంగు తురుపుగా ఇన్ని ట్రిక్కులు చేస్తామని పోటీపడి పైకి పాడుకుంటూ పోతారు. చివరికి నిలిచిన పాటే కాంట్రాక్టు. బిడ్‌లో అంకెకు ఆరు కలపాలి, అంటే ఆరు ఆటీన్లు అన్నవాళ్లు ఆటీను తురుపుగా 12 ట్రిక్కులు చేయాలి. తురుపు లేకుండా ఆడటం నోట్రంప్. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేక మొత్తంలో 40 పాయింట్లు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

కాగితం లేని సంసారం ఏమవుతుందో 1929 సెప్టెంబరులో అమెరికాలోని కాన్సాస్ సిటీ చూసింది. రెండు జంటలు రాత్రిపూట సరదాగా బ్రిడ్జికి కూర్చున్నాయి. జాన్ బెనెట్ ఒక ఇస్పేటు అన్నాడు. భార్య మర్టిల్ దాన్ని నాలుగు ఇస్పేట్లకు ఎత్తింది. కాంట్రాక్టు పోయింది. నీకు ఆట చేతకాదని ఆమె అంది, అతను చెయ్యి చేసుకున్నాడు, ఆమె లోపలికెళ్లి పిస్తోలు తెచ్చింది. జాన్ బెనెట్ ప్రాణం పోయింది. 1931లో జ్యూరీ ఆమెను నిర్దోషిగా వదిలేసింది. ఆనాటి పంపకం ఇదేనంటూ ఒకటి ప్రచారంలోకి వస్తే, బ్రిడ్జి లోకం పెన్సిళ్లు పట్టుకుని నాలుగు ఇస్పేట్లు గెలిచే దారి ఉందా లేదా అని చర్చించింది. మనిషి పోయిన సంగతి అందులో చిన్న వివరం. నా బాధ వేరు. ఒక ఇస్పేటు అంటే కనీసం 13 పాయింట్లు అని ఆ దంపతులు చిత్తుకాగితం మీదైనా రాసుకుని ఉంటే, ఆ రాత్రి వాళ్లు కాగితం పట్టుకుని తెల్లవార్లూ అరుచుకుని ఊరుకునేవారు.

లోకం ఈ పాఠం త్వరగానే నేర్చుకుంది. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో ఎలీ కల్బర్ట్‌సన్ జట్టుకీ సిడ్నీ లెంజ్ జట్టుకీ 150 రబ్బర్ల పోటీ మొదలైంది. ఎవరు బాగా ఆడతారని కాదు, ఎవరి బిడ్డింగ్ సిస్టమ్ గొప్పదని. కల్బర్ట్‌సన్ ఎక్కువ భాగం భార్య జోసెఫీన్‌తో కలిసి ఆడి గెలిచాడు, ఇంటికి కూడా క్షేమంగా వెళ్లాడు. లెంజ్ పార్ట్‌నర్ ఆస్వాల్డ్ జేకబీ మాత్రం లెంజ్ సణుగుడు పడలేక పోటీ మధ్యలోనే లేచిపోయాడు. అదే జేకబీ 1950ల్లో ట్రాన్స్‌ఫర్ బిడ్లను ప్రచారంలోకి తెచ్చాడు. డైమన్ అంటే ఆటీను అని, ఆటీను అంటే ఇస్పేటు అని అర్థం చేసుకోవాలన్నమాట. లెంజ్ మీద కోపం ఆయనకు అప్పటికీ తీరలేదని నా అనుమానం.

అక్కడి నుంచి ప్రతి మాటకూ రెండో అర్థం, మూడో అర్థం పుట్టుకొచ్చాయి. డబుల్‌నే చూడండి. మొదట్లో దానికున్న అర్థం ఒక్కటే, మీరు మునుగుతారు, పందెం రెట్టింపు అని. తర్వాత 'నువ్వు ఏదో ఒక రంగు చెప్పు' అనే టేకౌట్ డబుల్ వచ్చింది. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్‌ను పైకి పంపితే, ఆల్విన్ రాత్ తెచ్చిన కొత్త డబుల్‌కు ఆ పేరే పెట్టేశారు. ఇప్పుడు సపోర్ట్ డబుల్ ఉంది, రెస్పాన్సివ్ డబుల్ ఉంది, స్లామ్‌కు, అంటే 12 లేదా 13 ట్రిక్కుల బిడ్‌కు, వెళ్లిన ప్రత్యర్థి మీద వేసి మొదటి ముక్కగా ఫలానా రంగు లీడ్ చెయ్యమని పార్ట్‌నర్‌ను అడిగే లైట్‌నర్ డబుల్ ఉంది. ఆ ఒక్క ఎర్ర కార్డు టేబుల్ మీద పడగానే ఎదురుగా ఉన్న మనిషి మొహంలో పది రకాల టెన్షన్ కనిపిస్తుంది. కనిపించకూడదని నియమం.

నాలుగు నోట్రంప్‌ది అంతకన్నా పెద్ద కథ. ఇండియానాపొలిస్‌లో బీమా ఉద్యోగం చేసే ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో దీన్ని తయారుచేశాడు. నాలుగు నోట్రంప్ అంటే, నీ దగ్గర ఆసులెన్ని? ఐదు కళావర్లు అంటే ఒక్కటీ లేదు లేదా నాలుగూ ఉన్నాయి, ఐదు డైమన్లు అంటే ఒకటి, ఐదు ఆటీన్లు అంటే రెండు, ఐదు ఇస్పేట్లు అంటే మూడు. ఎంత సులువంటే, ఈ ఒక్కటి నేర్చుకున్నవాడు ఇక జీవితాంతం ఎక్కడ నాలుగు నోట్రంప్ కనిపించినా ఆసులు లెక్కపెట్టి చెప్పేస్తాడు. అయితే పార్ట్‌నర్ ఒక నోట్రంప్‌తో మొదలుపెట్టినప్పుడు దాని మీద నేరుగా నాలుగు నోట్రంప్ అంటే అది ఆసుల ప్రశ్న కాదు. నీ పాయింట్లు పైపక్కన ఉంటే స్లామ్‌కు వెళ్లు, కిందిపక్కన ఉంటే ఆగిపో అని. దాన్ని క్వాంటిటేటివ్ అంటారు. ఈ రెండు అర్థాల మధ్య సందులో ఎన్ని జోడీలు పడ్డాయో లెక్కలేదు.

ఒక జోడీ పడటం నేను హైదరాబాద్‌లోని ఒక క్లబ్బులో పక్కనే కుర్చీ వేసుకుని చూశాను. ఒకరు నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన ఇంజనీరుగారు, ఇంకొకరు బ్యాంకులో చేసిన మేనేజరుగారు. ఇద్దరికీ కలిపి స్పైరల్ బైండింగ్ చేయించిన నోట్సు ఉంది, విషయసూచికతో సహా. వాళ్లకు పోటీగా కూర్చున్నది ఒక అత్తాకోడళ్ల జోడీ. ఏ బిడ్‌కు ఏ అర్థమో ఎదుటివాళ్లకు చూపించే కన్వెన్షన్ కార్డులో వాళ్లు మూడు గళ్లు నింపి మిగతావి ఖాళీగా వదిలేశారు.

మేనేజరుగారు ఒక నోట్రంప్ పెట్టారు, 15 నుంచి 17 పాయింట్లు. ఆయన చేతిలో 17 ఉన్నాయి. ఇంజనీరుగారి దగ్గర 16. ఆయన నాలుగు నోట్రంప్ కార్డు తీసి పెట్టారు. అత్తగారు మర్యాదగా అడిగారు, "నాలుగు నోట్రంప్ అంటే ఏమిటండీ?" ఎదుటివాళ్లు అడిగితే బిడ్ వేసినవారు కాదు, వారి పార్ట్‌నర్ చెప్పాలి. మేనేజరుగారు చెప్పారు, "ఆసులు ఎన్నని అడుగుతున్నారమ్మా." చెప్పి, రెండు ఆసులున్నాయి గనుక ఐదు ఆటీన్లు పెట్టారు. ఈసారి కోడలు అడిగింది, "ఐదు ఆటీన్లంటే అంకుల్?" ఇంజనీరుగారి మొహం పాలిపోయింది. అయినా తన నోట్సు ప్రకారం చెప్పాల్సింది చెప్పారు. "స్లామ్‌కి సరే అన్నారు. ఆటీన్లు అయిదున్నాయని చూపిస్తున్నారు."

ఇక్కడ బ్రిడ్జి చట్టం గొప్పతనం చూడాలి. ఇప్పుడు ఇద్దరికీ మొత్తం తెలిసిపోయింది. పార్ట్‌నర్ తన బిడ్‌ను తప్పుగా అర్థం చేసుకున్నాడని ఇంజనీరుగారికి తెలుసు, మేనేజరుగారికీ తెలుసు. కానీ తెలిసింది పార్ట్‌నర్ చెప్పిన వివరణ విని, బిడ్ చూసి కాదు. అలా తెలిసినదాన్ని వాడుకోకూడదని చట్టం. విననట్టే ఉండాలి. వినకపోతే ఇంజనీరుగారు ఏం చేస్తారు? ఎదుట అయిదు ఆటీన్లు, తన దగ్గర మూడు (తొమ్మిది, నాలుగు, రెండు), వెరసి ఎనిమిది తురుపులు. ఆరు ఆటీన్లు పెట్టారు. వినకపోతే మేనేజరుగారు ఏమనుకుంటారు? ఆసులు అడిగి ఆరు ఆటీన్లు అన్నాడంటే పాపం చేతి నిండా ఆటీన్లే ఉండి ఉంటాయి అనుకుంటారు. పాస్. ఇద్దరు నిజాయితీపరులు కళ్లు తెరుచుకుని, చేతులు పట్టుకుని, చట్టప్రకారం బావిలోకి దిగారు. మేనేజరుగారి దగ్గర ఆటీన్లు రెండే, ఆసు, ఏడు. మిగిలిన ఎనిమిదీ అత్తాకోడళ్ల చేతుల్లో ఉన్నాయి.

కాంట్రాక్టు ఆడే జోడీ మొదటి ముక్క పడకముందే తమవైపు తప్పు వివరణను సరిచేయాలి. పోటీ నడిపే డైరెక్టర్ వచ్చాడు. తప్పు వివరణ ఎవరిదని అడిగాడు. నోట్సు తెరిచారు. నాలుగు నోట్రంప్ ఎప్పుడైనా బ్లాక్‌వుడ్డే అని ముందు ఒక పేజీలో ఉంది, అది మేనేజరుగారి దస్తూరి. నోట్రంప్ ఓపెనింగ్ మీద నాలుగు నోట్రంప్ క్వాంటిటేటివ్ అని వెనక ఒక పేజీలో ఉంది, అది ఇంజనీరుగారి దస్తూరి. రెండింటి కిందా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. డైరెక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోడలు ఈలోగా ఆటీను మీద ఆటీను లీడ్ చేయడానికి ముక్క సిద్ధంగా పట్టుకుని కూర్చుంది.

మూడు డౌన్, అంటే మూడు ట్రిక్కులు తక్కువ. పక్క టేబుల్ మీద అదే పంపకానికి ఆరు నోట్రంప్ వేసినవాళ్లు ఆటీను ఆసు, మూడు ఇస్పేట్లు, నాలుగు డైమన్లు, నాలుగు కళావర్లు ఊడ్చుకుని 12 ట్రిక్కులతో లేచారు.

"ముందు పేజీ చూడండి మేష్టారూ, ఎప్పుడైనా అని రాసుంది," అన్నారు మేనేజరుగారు.

"సాధారణ నియమం కన్నా ప్రత్యేక నియమం పైన ఉంటుందండీ. ఏ లాయర్నైనా అడగండి," అన్నారు ఇంజనీరుగారు.

అత్తాకోడళ్లు స్కోరు రాసుకుని టీకి వెళ్లారు. నేను గమనించిందేమంటే, పెద్దమనుషులిద్దరి మొహాల్లోనూ ఓటమి ఛాయలు లేవు. ఇద్దరి దగ్గరా కాగితం ఉంది. కాన్సాస్ సిటీలో లేనిది అదే.

మర్చిపోని ఒప్పందాలు అసలు ఉంటాయా అని అడగొచ్చు. ఉన్నాయి. 1975లో బెర్ముడా దీవిలో జరిగిన ప్రపంచ పోటీల్లో, పార్ట్‌నర్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా టేబుల్‌కు అడ్డంగా తెర పెట్టడం మొదలుపెట్టారు. అదే పోటీల్లో ఇటలీ జోడీలో ఒకాయన తెర కింద నుంచి పార్ట్‌నర్ పాదాన్ని తాకుతున్నాడని గొడవ లేచి మందలింపు పడింది. ఆపైన టేబుల్ కింద కూడా అడ్డం పెట్టారు. 2013లో బాలిలో జర్మనీకి చెందిన ఇద్దరు డాక్టర్లు దగ్గుల లెక్కతో ముక్కల సంగతి చెప్పుకున్నారని ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య తేల్చి నిషేధించింది. కన్వెన్షన్ కార్డు మీద ఉన్నవి మర్చిపోతాం. లేనివి మాత్రం ఎంత బాగా గుర్తుంటాయో! ఒక్క దగ్గును క్వాంటిటేటివ్ అనుకున్న డాక్టరు ఉన్నట్టు ఎక్కడా వినలేదు.

పేకాట అంటే మన ఊళ్లలో పోలీసు జీపు గుర్తొస్తుంది గానీ, బ్రిడ్జికి ఆ చిన్నతనం లేదు. పైగా రమ్మీకి జామీను ఉన్నది కూడా బ్రిడ్జే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆటగా గుర్తిస్తూ, అందులో అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండేలాంటిదేనంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిబ్‌నాథ్ సర్కార్ కలిసి దేశానికి బంగారు పతకం తెచ్చారు. ఆ వయసులో పరుగు పందెంలో పతకం తేవడం తేలిక కాకపోవచ్చు, కానీ పార్ట్‌నర్ ఏమన్నాడో రోజుల తరబడి సరిగ్గా అర్థం చేసుకోవడం అంతకన్నా కష్టం.

కాబట్టి సంబంధిత పెద్దలకు నా విన్నపాలు కొన్ని. పోస్ట్‌మార్టం చర్చకు కూడా పాయింట్లు వేయాలి, ఎందుకంటే చాలామంది కట్టుబడి ఆడేది ఆ భాగమే. ప్రతి టోర్నమెంటులో డైరెక్టర్‌తోపాటు ఒక నోటరీ కూర్చోవాలి. 'ఎప్పుడైనా' అనే మాటను సిస్టమ్ నోట్సుల్లో వాడటం నిషేధించాలి. కన్వెన్షన్ కార్డులో ఖాళీ గళ్లు ఉంచి గెలిచే అత్తాకోడళ్లను కనీసం సంజాయిషీ అడగాలి, ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయం.

ఇంజనీరుగారు, మేనేజరుగారు నోట్సుకు సవరణ రాస్తున్నారని తెలిసింది. నాలుగు నోట్రంప్ గురించి నా అభిప్రాయం కూడా విడివిడిగా ఇద్దరూ అడిగారు. నోట్రంప్ మీద నాలుగు నోట్రంప్ క్వాంటిటేటివ్వే, ఇందులో రెండో మాట లేదు. ఆ మాట ఇంజనీరుగారికి చెప్పాను. మేనేజరుగారితో మాత్రం ముందు పేజీ ముందే ఉంటుంది కదండీ అన్నాను. ఆయనకు వచ్చే వారం పార్ట్‌నర్ లేడు, నన్ను ఆడమంటున్నారు.