ఎవరండీ ముదిరింది?

(విజయవాడ పటమటలో మా పిన్ని ఇల్లు. బాబాయి ఇప్పుడే ఫోన్ పెట్టేశాడు. పిన్ని గుమ్మంలో నిలబడి మొత్తం వింది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను.)

పిన్ని: ఎవరండీ ముదిరింది?

బాబాయి: ఆఁ?

పిన్ని: 'బాగా ముదిరిపోయిందక్కయ్యా, కత్తికి కూడా లొంగట్లేదు. పైకి నిగనిగలాడుతుంటే మోసపోయి తెచ్చుకున్నా.' ఇప్పుడే కదా అన్నారు?

బాబాయి: బెండకాయల గురించే! పొద్దున తెచ్చినవి.

పిన్ని: బెండకాయలైతే 'ముదిరిపోయాయి' అంటారు. మీరు 'ముదిరిపోయింది' అన్నారు. ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

(వ్యాకరణం పిన్ని వైపే ఉంది. బాబాయి ఖర్మ.)

బాబాయి: సరుకు ముదిరిందన్నానే!

పిన్ని: ఓహో, నేను సరుకునా?

బాబాయి: అబ్బబ్బ! ముదరడం తిట్టేం కాదే. జ్వరం ముదురుతుంది, అప్పు ముదురుతుంది, గొడవ ముదురుతుంది...

పిన్ని: ఒక్క మంచిదైనా ముదరదా?

బాబాయి: ఎందుకు ముదరదూ? కొబ్బరికాయ! ముదిరితేనే పచ్చడికి బాగుంటుంది. రంగులూ అంతే. నీ చీరే చూడు, ముదురు ఆకుపచ్చ.

పిన్ని: ఇది నెమలికంఠం. మీకు చత్వారం ముదిరింది.

బాబాయి: పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో!

పిన్ని: చుట్టండి, తెస్తాను. 1999లో రైతు బజార్లు పెట్టిన దగ్గర్నుంచీ వెళ్తున్నారు. కొస తుంచితే టప్పున విరగాలి, విరక్కుండా వంగిందంటే ముదురు. ఒక్కసారైనా తుంచి చూశారా?

బాబాయి: తుంచితే అమ్మే ఆవిడ తిడుతుంది.

పిన్ని: ఆవిడంటే భయం, నేనంటే లోకువ.

(ఫోన్ మోగింది. పిన్ని లాక్కుంది.)

పిన్ని: ఆ, వదినా... నా దగ్గా? ముదరడమేంటి, తగ్గింది కూడానూ... ఆస్పత్రికా? కత్తికి లొంగనిది బెండకాయ వదినా, నేను కాదు! (ఫోన్ పెట్టేసి) అసలు ఆవిడకెందుకు చేశారు?

బాబాయి: రాత్రంతా దగ్గావుగా, వంట నేనే చేద్దామని. వేపుడుకి పనికిరావు, ఏం చెయ్యాలో అడిగా.

(పిన్ని కాసేపు ఏమీ అనలేదు. కాసేపే.)

పిన్ని: మీరు వండితే తగ్గిన దగ్గు మళ్లీ ముదురుతుంది. జరగండి. చింతపండు నానబెట్టండి, పులుసు పెడతాను. బెల్లం కాస్త ఎక్కువే వేస్తా.

బాబాయి: నాకిష్టమనా?

పిన్ని: కాయ ముదురని.