మధ్య నోడ్‌కు సన్మానం ఎప్పుడు?

నోడ్‌లనే రేడియో పరికరాలు తమలో తాము కలిసి ఏర్పరచుకునే అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో టవర్ ఉండదు, పెత్తనం చేసే యజమానీ ఉండడు. అందరూ సమానులే. ఒకరి సందేశాన్ని పక్కవాడు అందుకుని ఆ పక్కవాడికి చేరవేస్తాడు. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే ఆ చేరవేతకు అయ్యే ఖర్చు పక్కవాడి బ్యాటరీలోంచే పోతుంది. సమానత్వం కాస్త తడబడేది అక్కడే.

మధ్యవర్తుల్ని పెట్టడం వెనుక సైన్సు ఉంది, కాదనలేం. దూరం రెట్టింపైతే, అడ్డేమీ లేని చోట కూడా సందేశం పంపడానికి నాలుగు రెట్ల పవర్ కావాలి. నేలను అంటుకుని, అడ్డంకుల మధ్య పోవాలంటే అది పదహారు రెట్ల దాకా పోవచ్చు. అందుకే ఒక్క పెద్ద దూకు కంటే నాలుగు చిన్న అడుగులు మేలంటారు.

ఎంతమంది మధ్యవర్తులుండాలో కూడా లెక్కుంది. 2000లో వచ్చి సెన్సర్ నెట్‌వర్క్‌ల (కొలతలు తీసి పంపే నోడ్‌ల గుంపుల) వాళ్లందరికీ అలవాటైపోయిన ఒక నమూనా ప్రకారం ఒక బిట్ పంపే సర్క్యూట్‌కు 50 నానోజౌళ్ల శక్తి ఖర్చవుతుంది, అందుకునే సర్క్యూట్‌కు మరో 50. వీటికి తోడు ఆంప్లిఫయర్ ఖర్చు దూరం వర్గంతో పాటు పెరుగుతుంది, 100 మీటర్లకు 1000 నానోజౌళ్లు. అంటే నేరుగా పంపితే మొత్తం 1100. సగం దూరంలో ఒకణ్ణి నిలబెడితే 700కు దిగుతుంది. ఇద్దరైతే 633. ఇదేదో బాగుందని పది మీటర్లకొకడు చొప్పున తొమ్మిది మందిని నిలబెట్టారనుకోండి, మళ్లీ సరిగ్గా 1100! తొమ్మిది చేతులు మారాక మిగిలింది సున్నా. అందుకున్నందుకు 50, అందించినందుకు 50 ప్రతివాడూ పట్టుకున్నాడు మరి. దళారుల మీద ఇంత నిష్పాక్షికమైన నివేదిక ఏ విచారణ సంఘమూ ఇచ్చి ఉండదు.

సరే, అతి తక్కువ ఖర్చయ్యే దారి దొరికిందనుకుందాం. ఆ దారి మంచి చోట ఉన్న ఒక నోడ్ మీదుగా పోతుంది. వాడి కర్మ కొద్దీ పక్కవాళ్లకూ, వాళ్ల పక్కవాళ్లకూ చవకైన దారి అదే. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి కదా! ప్యాకెట్లన్నీ, అంటే సందేశాల మూటలన్నీ, వాడి నెత్తినే పడతాయి. చివరికి వాడి బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు నెట్‌వర్క్ సంతాపం తెలుపుతుందా? లేదు, లింక్ తెగిందని ఒక ఎర్రర్ మెసేజ్ పంపి, రెండో మంచివాణ్ణి వెతుక్కుంటుంది. ప్యాకెట్‌కు ఎంత ఖర్చయిందన్నది ఒక్కటే చూస్తే చాలదు, మోసేవాడి దగ్గర ఎంత మిగిలిందో కూడా చూడాలని సింగ్, వూ, రాఘవేంద్ర అనే పరిశోధకులు 1998లోనే చెప్పారు. అయినా 2003లో పత్రంగా వెలువడిన ఏఓడీవీ అనే దారి వెతికే ప్రోటోకాల్ (నోడ్‌లు పాటించే నియమావళి) దారిని ఎంచేటప్పుడు ఎన్ని హాప్‌లో, అంటే ఎన్ని అడుగులో, లెక్కపెడుతుంది గానీ, ఎవరి బ్యాటరీ ఎంతుందని అడగదు.

అన్నట్టు, నెట్‌వర్క్ ఆయుష్షు అంటే ఏమిటి? మొదటి నోడ్ పోయేదాకా అని కొందరు, సగం పోయేదాకా అని కొందరు, ఆఖరివాడు పోయేదాకా అని ఇంకొందరు. మన ప్రోటోకాల్ ఏ నిర్వచనంలో గెలిస్తే అదే సరైన నిర్వచనమని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఈ తంతంతా గమనించిన ఒక తెలివైన నోడ్ ఉంటుంది. తన ప్యాకెట్లు పంపుకుంటుంది, పరాయివి రాగానే మౌనం వహిస్తుంది. దీన్ని స్వార్థపు నోడ్ అని తిట్టిపోస్తూ, పట్టుకోవడానికి 2000లో కాపలా పద్ధతి కనిపెట్టారు. ప్యాకెట్ ఇచ్చినవాడు పక్కవాడు దాన్ని ముందుకు పంపాడా లేదా అని చెవి ఒగ్గి వింటాడు. అలా వినడానికీ బ్యాటరీ కావాలన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాదు.

వంతులవారీ పెత్తనం కూడా ప్రయత్నించారు. లీచ్ అనే పద్ధతిలో గుంపుకో నాయకుడుంటాడు. అందరి సమాచారం పోగుచేసి దూరంలో ఉన్న బేస్ స్టేషన్‌కు (సమాచారమంతా చేరాల్సిన చోటుకు) పంపే గొడ్డు చాకిరీ వాడిది. నూటికి అయిదుగురు నాయకులు చాలనుకుంటే ఇరవై రౌండ్లకోసారి ఒక్కొక్కరికీ వంతొస్తుంది. న్యాయమే. అయితే ఏ రౌండ్‌లో ఎవరన్నది లాటరీ. తొలి రూపంలో ఆ లాటరీ మిగిలిన బ్యాటరీని చూడదు. కొన ఊపిరితో ఉన్నవాడికి కిరీటం పెట్టేసే అవకాశం ఉందన్నమాట.

ఇన్ని తెలివితేటల తర్వాత తేలిందేమిటంటే, చాలా రేడియోలకు ఏమీ రాకపోయినా ఖాళీగా వింటూ కూర్చోవడానికీ, నిజంగా సందేశం అందుకోవడానికీ ఖర్చులో పెద్ద తేడా లేదు. దారి ఎంత బాగా ఎంచుకున్నా, రేడియో మేలుకుని ఉన్నంతసేపూ బ్యాటరీ కారిపోతూనే ఉంటుంది. కాబట్టి వీలైనంతసేపు పడుకోవాలి! స్వార్థపు నోడ్ ఎప్పటినుంచో చేతల్లో చూపిస్తున్న ఈ సిద్ధాంతానికి రేడియోలను ఎప్పటికప్పుడు నిద్రపుచ్చే, 2002లో వచ్చిన ఎస్‌మ్యాక్ ప్రోటోకాల్ రాజముద్ర వేసింది. తేడా అల్లా టైమ్‌టేబుల్. ఎప్పుడు పడుకుంటున్నానో పక్కవాళ్లకు ముందే చెప్పాలి. ఆ చెప్పడానికి ఇంకో ప్యాకెట్ పంపాలి, దాన్ని వినడానికి పక్కవాళ్లు మేలుకుని ఉండాలి. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలో ఇంకా తేలాల్సి ఉంది. మధ్య నోడ్ పేరే పరిశీలనలో ఉందని వినికిడి.