గెనుసుగడ్డను కడగకండి, మట్టితోనే రానివ్వండి

జనవరి రెండో వారం వచ్చిందంటే బెంగళూరులో ఏ సందు మొదట్లో చూసినా చెరకు గడలు, అవరెకాయలు (మన అనపకాయలు), వాటి పక్కన గెనుసుగడ్డల రాశులు. కన్నడిగులకు అది గెణసు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన మాకు గెనుసుగడ్డ, కోస్తావాళ్లకు చిలగడదుంప, తెలంగాణవాళ్లకు కందగడ్డ. పేరు ఏదైనా సంక్రాంతి నాడు ఉడకబెట్టి తినడంలో తేడా లేదు.

ఆ రాశుల్లో గడ్డలన్నీ కడిగి, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటాయి. నా అభ్యంతరం ఆ నిగనిగ మీదే. ఈ పంటకు నీళ్లు తక్కువ, ఎరువు తక్కువ, బీడు లాంటి ఎర్రనేలలో కూడా పండుతుంది, పర్యావరణానికి ఇంతకంటే మేలైన పంట లేదు అని అందరం రాస్తున్నాం. పొలంలో అది నిజమే. తవ్విన రోజు నుంచి మన వంటింటికి చేరేలోపు ఆ మేలంతా చేజారిపోతోంది.

కోలారు జిల్లా ములబాగిలు దగ్గర మా మేనమామ అరెకరంలో గెనుసుగడ్డ వేస్తాడు. తవ్విన గడ్డల్ని తొట్టిలో పోసి, కాళ్లతో తొక్కి కడిగి, తడి ఆరకముందే గోనెసంచుల్లో కుక్కి, తెల్లారేలోపు బెంగళూరు పంపుతాడు. ఎందుకలా అని అడిగితే, “కడక్కుండా తెస్తే మండీలో ఎవరూ ముట్టుకోరు నాయనా” అన్నాడు. కొత్తగా తవ్విన గడ్డకు తోలు పల్చగా ఉంటుంది, గోరు గీసినా లేచొస్తుంది. తొక్కి కడిగితే వందచోట్ల గాయాలు. ఆ గాయాల్లోంచే కుళ్లు మొదలవుతుంది. అందుకే పండగ దాటితే మిగిలిన సరుకును అడిగే దిక్కుండదు, రైతు ఎంతకైనా అమ్ముకోవలసిందే.

నిజానికి ఈ గడ్డకు తన గాయాన్ని తానే మాన్పుకునే గుణం ఉంది. తవ్వాక 29 నుంచి 32 డిగ్రీల వేడిలో, గాలిలో 85 శాతానికి పైగా తేమతో, నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే దెబ్బ తగిలినచోట బెండు లాంటి పొర కట్టుకుంటుంది. తోలు గట్టిపడుతుంది. పిండి కొంత చక్కెరగా మారి తీపి కూడా పెరుగుతుంది. ఆ తర్వాత 13–15 డిగ్రీల దగ్గర నెలల తరబడి నిలవుంటుంది. పచ్చిగడ్డను వారాల్లో పారబోసుకునే స్థితికీ దీనికీ మధ్య తేడా ఆ నాలుగైదు రోజులే. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో పగలు ఎండ ఉన్నా రాత్రి చలి, గాలి పొడి. కాబట్టి గాయాలు పూర్తిగా మానాలంటే నీడన కుప్పపోసి గడ్డి కప్పితే సరిపోదు. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో పూలకు, క్యాప్సికమ్‌కు వేసిన పాలీహౌసులు చాలా ఉన్నాయి. పంటకూ పంటకూ మధ్య ఖాళీగా ఉన్న ఒకదానిలో నీడ కట్టి, తడి గోనెలు వేలాడదీసి గడ్డల గాయాల్ని మాననివ్వడం ప్రయత్నించి చూడవలసిన పని. ఒక్క రైతు చేయలేకపోవచ్చు, నలుగురు కలిస్తే చేయొచ్చు.

ఇళ్లలో మనం చేసే తప్పు ఇంకొకటి: ఫ్రిజ్‌లో పెట్టడం. 12 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే గడ్డ దెబ్బతింటుంది. ఎంత ఉడికించినా నడుమ గట్టిగా, మొద్దులా ఉండిపోతుంది. గాలి ఆడే బుట్టలో, వంటింటి మూలన పెడితే చాలు.

పంట రెండో చివర, నాటే దగ్గర కూడా ఇలాంటి అశ్రద్ధే ఉంది. దీనికి విత్తనం తీగే. 60 సెంటీమీటర్ల దూరంలో బోదెలు, బోదె మీద 20 సెంటీమీటర్లకొక ముక్క, ఎకరాకు సుమారు 33 వేల ముక్కలు పడతాయి. అన్ని ముక్కలు కావాలి కాబట్టి పాత మడిలో చేతికందిన తీగనల్లా కోసేస్తారు. గడ్డను తొలిచే ముక్కుపురుగు గుడ్లు పెట్టేది తీగ మొదట్లో, ముదురు భాగంలో. ఆ ముక్క నాటామంటే పురుగును మనమే కొత్త చేనికి మోసుకెళ్లినట్టు. తీగ కొసన జానెడు, జానెడున్నర మాత్రమే తీసుకోవాలి. రెండు మూడు కణుపులు మట్టిలోకి పోవాలి.

ఈ పురుగు మట్టిని తవ్వుకుని లోపలికి పోలేదు, నెర్రెల్లోంచి దిగుతుంది. నెలకోసారి మట్టి ఎగదోసి, నెర్రెలు విడవకుండా పలుచగా తడులిస్తే సగం యుద్ధం గెలిచినట్టే. ఆడపురుగు వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు మగపురుగుల్ని పట్టేస్తాయి. గట్ల మీది తూటి జాతి తీగల్ని పీకేయాలి, అవి పురుగుకు పుట్టిల్లు. మందు కొట్టడం వల్ల లోపల తొలిచే పురుగుకు పెద్దగా ఏమీ కాదు. పురుగు తొలిచిన గడ్డ చేదెక్కి మనకు పనికిరాదు. బూజు పట్టిన గడ్డ పశువులకు వేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఎరువు గురించి ఒక్క మాట: యూరియా ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, గడ్డ ఊరదు. పొటాష్, చివికిన పశువుల ఎరువు కావాలి.

రకాల సంగతి కూడా తేలాలి. తిరువనంతపురంలో 1963లో మొదలైన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన భూ సోనా లోపల నారింజ రంగులో ఉంటుంది, విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ దండిగా ఉన్న రకం. తెల్ల గడ్డలో అది దాదాపు సున్నా. నారింజ గెనుసుగడ్డను ఆఫ్రికాలో ఇళ్లకు చేర్చినవాళ్లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. మన అంగన్‌వాడీ పిల్లల పళ్లెంలో అది ఇంకా ఎందుకు లేదన్నది నన్ను బాధపెట్టే ప్రశ్న.

రైతు అలవాటు మారాలని చెప్పడం తేలిక. మండీవాడు కడిగిన గడ్డే అడుగుతున్నాడంటే మనం అదే ఏరుకుంటున్నాం కాబట్టి. పోయిన పండక్కి మా అపార్ట్‌మెంట్‌లో పదకొండు ఇళ్లవాళ్లం మట్టి అంటిన గడ్డల్నే మామ చేత తెప్పించుకున్నాం. తొక్కి కడగకుండా, నీడన వారం ఆరబెట్టి పంపాడు. మా ఇంట్లో చివరి గడ్డ శివరాత్రి నాడు ఉపవాసం విడిచాక ఉడికించాం. ఒక్క మచ్చ లేదు.