పన్ను పీకాక వేసే ఎముక పొడి అంతా దోపిడీయేనా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పన్ను పీకాక గుంతలో బోన్ గ్రాఫ్ట్, అంటే ఎముక పొడి, వేస్తామంటే ఒప్పుకోవద్దట, గుంత దానంతటదే నిండుతుందట, వేసినా ఎముక ఎలాగూ కరుగుతుందట, ఆ పొడి పశువులదీ శవాలదీ కాబట్టి జబ్బులు అంటుకుంటాయట, ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూలా బిగించి పైన కట్టుడు పన్ను పెట్టేది) సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చట. ఇందులో అక్కడక్కడా నిజం ఉంది, అందుకే జనం నమ్మేస్తున్నారు.

ముందు ఆ గుంత సంగతి. నిండుతుంది, నేనూ కాదనట్లేదు. పీకగానే రక్తం గడ్డకడుతుంది, వారం తిరిగేసరికి ఆ చోట మెత్తటి కణజాలం వస్తుంది, ఇంకొన్ని వారాలకి లేత ఎముక, అది గట్టిపడేసరికి నెలలు. కానీ మెసేజ్ రాసినాయన గుంత లోపలే చూశాడు, చుట్టూ ఉన్న గోడలేమవుతున్నాయో చూళ్ళేదు. పంటి వేరుని అంటిపెట్టుకుని బండిల్ బోన్ అని ఒక పొర ఉంటుంది, పన్ను ఉన్నన్నాళ్ళే అదీ ఉంటుంది, పన్ను పోతే కరిగిపోతుంది. పై ముందుపళ్ళ దగ్గర పెదవి వైపు గోడ చాలామందిలో ఒక మిల్లీమీటర్ మందం కూడా ఉండదు, ఉన్నదాన్లో ఎక్కువ భాగం ఈ పొరే, ఇక అది కరిగాక గోడలో మిగిలేదేముంటుంది చెప్పండి. చెరువు నిండిందని సంబరపడుతుంటే అటు గట్టు కొట్టుకుపోయినట్టు. 2003లో వచ్చిన ఒక స్టడీలో 46 మందికి వెనక పళ్ళు తీసి ఏడాది పాటు కొలుస్తూ వచ్చారు, అక్కడి దవడ గట్టు వెడల్పు దాదాపు సగానికి పడిపోయింది, ఆ తగ్గినదాన్లో కూడా మూడింట రెండొంతులు మొదటి 3 నెలల్లోనే పోయింది.

"వేసినా కరుగుతుంది కదా, వేస్ట్" అనేది రెండో మాట. నిజమే, గ్రాఫ్ట్ వేసినా ఎముక కొంత తగ్గుతుంది, అసలు తగ్గదని ఏ డాక్టరైనా మాటిస్తే ఆయనా ఎక్కువ చెప్తున్నట్టే. స్టడీలన్నీ కలిపి చూసినవాళ్ళ లెక్క ప్రకారం వేయించుకోనివాళ్ళతో పోలిస్తే సగటున ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎముక ఎక్కువ మిగులుతుంది. ఇంతేనా అని నవ్వకండి. మామూలు ఇంప్లాంటే సుమారు 4 మిల్లీమీటర్ల లావుంటుంది, దానికి అటూ ఇటూ కనీసం ఒకటిన్నర చొప్పున ఎముక కావాలి, అంటే మొత్తం 7 దాకా. అక్కడ 7 ఉందా 5 ఉందా అన్నదాన్ని బట్టే ఇంప్లాంట్ నేరుగా పెట్టేయొచ్చా, ముందు ఎముక పెంచాలా అనేది తేలుతుంది. ఇంకోటి కూడా చెప్పాలి, వైద్య పరిశోధనలన్నీ కలిపి జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2021 రివ్యూ ఈ ఆధారాలు అంత బలమైనవి కావనే చెప్పింది, గ్రాఫ్ట్ వేస్తే ఇంప్లాంట్ ఎక్కువకాలం నిలుస్తుందని కూడా తేల్చలేదు.

జబ్బుల భయం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. పశువుల ఎముకలోంచి కొవ్వూ ప్రోటీన్లూ తీసేసి ఖనిజం మాత్రం ఉంచుతారు, మనుషులు దానం చేసిన ఎముకైతే దాతకి పరీక్షలు చేసి, ఎముకని శుద్ధి చేశాకే వాడతారు. అయినా మనసొప్పదు, లేదా మతం ఒప్పుకోదు అంటే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, హైడ్రాక్సీఅపటైట్, బయోయాక్టివ్ గ్లాస్ లాంటివి ఫ్యాక్టరీలో తయారైనవి ఉన్నాయి. ఏది వేస్తున్నారని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి. అసలు ఆ పొడే ఎముకగా మారిపోదు, మన ఎముక పాక్కుంటూ పెరగడానికి ఆసరాగా ఉంటుందంతే, పశువుల రకం రేణువులైతే ఏళ్ళ తర్వాత కూడా అందులో కనిపిస్తాయి.

ఇక "తర్వాత చూసుకోవచ్చు". చూసుకోవచ్చు, కాకపోతే అప్పటికి పని పెద్దదవుతుంది. పీకిన రోజే అయితే పొడి వేసి, పైన కొలాజెన్ పొర పరిచి, నాలుగు కుట్లు వేస్తే అయిపోయేది, ఏళ్ళు గడిచాక చిగురు తెరిచి, ఒక్కోసారి దవడలో ఇంకోచోట నుంచి ఎముక ముక్క తెచ్చి బిగించాల్సి వస్తుంది. పై దవడ వెనక పళ్ళ దగ్గరైతే సైనస్ (ముక్కు పక్కన ఉండే గాలి గది) కిందికి జారి ఎముక ఎత్తు చాలక సైనస్ లిఫ్ట్ దాకా, అంటే దాని అడుగుని పైకి లేపి కింద ఎముక నింపే ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు.

మెసేజ్‌లో ఒప్పుకోవాల్సిందీ ఉంది. అందరికీ ఇది అవసరం లేదు. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళకి మామూలుగా అక్కర్లేదు, ఆ చోట ఇంప్లాంట్ పెట్టించుకునే ఉద్దేశమే లేనివాళ్ళకి, గోడలు మందంగా చెక్కుచెదరకుండా ఉన్నవాళ్ళకి కూడా చాలాసార్లు అనవసరమే. చీము బాగా పట్టి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. ఏ పన్ను పీకినా ఒకే పాట పాడి గ్రాఫ్ట్ అంటగట్టేవాళ్ళు ఉంటే అక్కడ మెసేజ్ కోపం న్యాయమే, అలాంటప్పుడు "నా గోడ ఎంత మందం ఉంది, ఇంప్లాంట్ ఎప్పుడు పెడతారు" అని అడగండి, ఎక్స్‌రే చూపించి జవాబు చెప్పగలగాలి. మామూలుగా గ్రాఫ్ట్ వేశాక ఇంప్లాంట్‌కి 4 నుంచి 6 నెలలు ఆగమంటారు. ఎముకలు గుల్లబారడానికి మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే మాత్రం పన్ను పీకకముందే డాక్టర్‌కి చెప్పండి, వాటిల్లో కొన్నిటివల్ల పీకిన చోట దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.