ఇండక్షన్ పొయ్యిగారికి మా వంటింటి సంజాయిషీ

మహారాజశ్రీ ఇండక్షన్ పొయ్యిగారి సముఖమునకు, మిర్యాలగూడ నుండి ఒక ఇల్లాలు సమర్పించుకుంటున్న సంజాయిషీ.

అయ్యా,

సిలిండరు నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని ఆశపడి దసరాకు తమరిని ఇంటికి తెచ్చుకున్నాము. వంటకు వచ్చారనుకున్న తమరు తనిఖీకి వచ్చారని మొదటి పూటనే తెలిసింది. పాలగిన్నె పెట్టగానే కీచుమని కూసి, తెర మీద ‘ఈ0’ అని రాసి ఊరకున్నారు. ఆ గుర్తుకు ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం ఉంటుందని, పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలోనే చూసుకోవాలని చెప్పేవారు లేక, ఆ పుస్తకాన్ని అప్పటికే పోపు డబ్బాల కింద పరిచాను. తీసి చూస్తే, ‘గిన్నె కనబడుట లేదు’ అని తమ భావమట. గిన్నె తమ నెత్తి మీదనే ఉంది. మా అత్తమ్మ వంగి చూసి, “గింత గిన్నె నెత్తిన వెట్టుకొని కనవడ్తలేదంటది, దీనికి అద్దాలు వెట్టియ్యాలె” అన్నది.

ఇంటర్ చదివే మా పిల్లవాడు తమ పక్షాన వాదించాడు. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుందని, అందులో కరెంటు సెకనుకు 20,000 సార్లకు పైగా అటూ ఇటూ మారుతూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుందని, ఆ క్షేత్రానికి చిక్కి సరిపడా వేడెక్కాలంటే గిన్నె అడుగు అయస్కాంతం అంటుకునే లోహమై ఉండాలని చెప్పి, ఫ్రిజ్ తలుపు మీది యాదగిరిగుట్ట బొమ్మను ఊడబెరికి, దాని వెనుక ఉన్న అయస్కాంతంతో మా సామాను మొత్తానికి పరీక్ష పెట్టాడు. నా పెండ్లికి పెట్టిన ఇత్తడి బోగాని తప్పింది. సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలు వరుసబెట్టి తప్పాయి. స్టీలన్నా గట్టెక్కుతుందనుకుంటే, నికెల్ కలిసిన 304 రకం స్టీలుకు అయస్కాంతం అంటుకోదట. ఎక్కువ ధర పెట్టి కొన్న గిన్నెలే తమ ముందు చెల్లకుండా పోయాయి. చాయ్ గిన్నెకు అయస్కాంతం అంటింది గాని, దాని అడుగు 12 సెంటీమీటర్లు లేదని తమరు దాన్నీ వాపసు చేశారు. సర్వపిండి రొట్టె ఒత్తే ‘సర్వ’ గిన్నెకు అడుగు గుండ్రంగా ఉంటుంది కనుక దానిని తమ సముఖానికి తేనేలేదు. ఇనుప పెంకను మాత్రం గౌరవించారు, కాని అది కొద్దిగా గుంటగా ఉన్నందున జొన్న రొట్టె నడుమ మాడి, అంచులు పచ్చిగా మిగిలాయి.

తమ రెండవ అభ్యంతరం కరెంటు గురించి. సాయంత్రం వేళ తమరు ‘వోల్టేజి చాలదు’ అన్న గుర్తు చూపి ఆగిపోయేవారు. పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, అటు చూస్తే 815 మెగావాట్ల సాగర్ జలవిద్యుత్ కేంద్రం ఉండగా, మా ఇంట్లో ఒక పప్పు ఉడకడానికి కరెంటు లేదా అని నేను వారం రోజులు ఊరందరినీ తిట్టాను. తీరా ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు దగ్గర కొలిస్తే వోల్టేజి నిక్షేపంగా ఉన్నది. తమరు వెలిగిన మరుక్షణం వంటింట్లో కుంగిపోతున్నది. 2,000 వాట్ల తమ దర్జాకు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్లు కావాలి. మేము తమరిని మిక్సీకి పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్‌లో కూర్చోబెట్టాము. విప్పి చూస్తే లోపల వైరు బిగింపు వదులై, ప్లాస్టిక్ నల్లగా కమిలి ఉన్నది. ఇంకొన్నాళ్లు తమరు మొహమాటపడి ఊరుకుంటే ఇల్లు అంటుకునేదేమో! ఇప్పుడు 16 ఆంపియర్ల సాకెట్‌కు, లావు వైరుకు పెట్టిన ఖర్చుతో రెండు సిలిండర్లు వచ్చేవి.

ఇక పావుగంటకొకసారి వేడెక్కి ఆగిపోవడం. బండ మీద గీతలు పడతాయని తమ కింద మెత్తటి దుప్పటి మడత పరిచింది నేనే. తమరు ఊపిరి పీల్చేది అడుగు నుంచేనని నాకు తెలియదు. దుప్పటి తీసి, గోడకు జానెడు దూరం జరిపినా అలక తీరకపోతే మెకానిక్కుతో విప్పించాను. ఫ్యాను రెక్కల నడుమ ఒక బొద్దింక కుటుంబం కాపురముంటున్నది. ఆపిన తరువాత కూడా తమ ఫ్యాను కాసేపు తిరుగుతుంటే, కరెంటు వృథా అవుతుందని మా మామయ్య ప్లగ్గు పీకేవారు. ఆ గాలి తమ లోపలి వేడి చల్లారడానికని ఇప్పుడు ఆయనే వచ్చినవారికల్లా చెబుతున్నారు.

కొన్ని గిన్నెలు పెట్టినప్పుడు తమరు తీసే కూనిరాగం రోగం కాదని తెలిసి భయం మానుకున్నాము.

అయితే నాదీ ఒక అభ్యంతరం ఉన్నది, దీనికి తమరే సంజాయిషీ ఇచ్చుకోవాలి. సన్న సెగ అడిగితే తమరు నిజంగా సన్నగా కాగరు. కొన్ని క్షణాలు గట్టిగా మండి, కొన్ని క్షణాలు నిద్రపోయి, సగటు లెక్క చూపుతారు. ఆ లెక్క కాగితం మీద సరిపోతుంది గాని, పాయసం అడుగంటుతుంది.

జొన్న రొట్టెలు మాత్రం అత్తమ్మ గ్యాసు మంట మీదనే పొంగిస్తున్నది. ఆ ఫైలు తమ ఆమోదానికి పంపడం లేదు.

తడి వేలితో తాకితే తమ మీటలు పలకవు కనుక,
చేతులు తుడుచుకొని సంతకం చేస్తున్న,
తమ వంటావిడ