‘ముందు పరీక్షలు కానివ్వండి’ అంటూ పిల్లల్ని ఆపకండి

విదేశాల్లో డిగ్రీ చదవాలనుకునే స్కూలు పిల్లల తల్లిదండ్రుల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది: “చివరి పరీక్షలు ప్రశాంతంగా రాయనివ్వండి. సీటు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. మార్కులుంటే చాలు, ఏ సబ్జెక్టులు చదివారో ఎవరూ పట్టించుకోరు. దరఖాస్తులో అడిగే వ్యాసం ఏజెంటు రాసిపెడతాడు. డబ్బు తక్కువైతే జర్మనీ ఉంది, అక్కడ అంతా ఉచితం. వీసాకు వారం ముందు బ్యాంకులో డబ్బు వేస్తే సరి.” మొదటి వాక్యం తప్ప తక్కినదంతా తప్పే. నమ్మితే నష్టపోయేది పిల్లలు.

“పరీక్షల తర్వాత చూసుకోవచ్చు” అన్నదాన్నే తీసుకోండి. బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులు యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా వెళ్తాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకూ, మెడిసిన్ కోర్సుల్లో దాదాపు అన్నిటికీ గడువు అక్టోబరు 15. అదీ కోర్సు మొదలయ్యే ముందు ఏడాది అక్టోబరు. మెడిసిన్‌కు అడిగే యూక్యాట్ పరీక్ష సెప్టెంబరుతోనే ముగిసిపోతుంది. అమెరికా వైపు చాలా యూనివర్సిటీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తులకు చాలాచోట్ల నవంబరు మొదట్లో, మామూలు వాటికి జనవరి మొదట్లో గడువు తీరుతుంది. నెదర్లాండ్స్‌లో సీట్లు పరిమితంగా ఉండే కోర్సులకు జనవరి 15. అప్పటికి చివరి పరీక్షల ఫలితాలు చేతిలో ఉండవు కాబట్టే బ్రిటన్ యూనివర్సిటీలు టీచర్లిచ్చే అంచనా మార్కులు అడుగుతాయి, అమెరికా యూనివర్సిటీలు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూస్తాయి.

ఆలస్యమైతే దారే లేదని కాదు. బ్రిటన్‌లో జులై నుంచి క్లియరింగ్ ఉంటుంది, ఆస్ట్రేలియాలో విద్యా సంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. కాకపోతే క్లియరింగ్ అంటే మిగిలిపోయిన సీట్లలో ఏరుకోవడం. స్కాలర్‌షిప్పుల గడువులు చాలావరకు అప్పటికే దాటిపోయి ఉంటాయి.

“సబ్జెక్టులు ఎవరూ పట్టించుకోరు” అన్నది అన్నిటికన్నా ప్రమాదకరం. గడువు తప్పితే ఏడాది పోతుంది, సబ్జెక్టు తప్పితే ఆ కోర్సే పోతుంది. కేంబ్రిడ్జ్‌లో ఇంజినీరింగ్‌కు గణితం, భౌతికశాస్త్రం రెండూ ఉండి తీరాలి. బ్రిటన్ మెడికల్ కాలేజీల్లో ఎక్కువ వాటికి రసాయనశాస్త్రం కావాలి. ఎకనామిక్స్ డిగ్రీ సంగతి చాలామందికి తెలియదు: కేంబ్రిడ్జ్, ఎల్‌ఎస్‌ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) తప్పనిసరిగా అడిగేది స్కూలు ఎకనామిక్స్ కాదు, గణితం. లెక్కలంటే భయపడి వదిలేసిన పిల్లలకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే పదిహేను, పదహారేళ్ల వయసులో సబ్జెక్టులు ఎంచుకునే ముందే ఇష్టమైన కోర్సులు నాలుగు తీసుకుని, యూనివర్సిటీ వెబ్‌సైట్లలో వాటి అర్హతల పేజీలు పిల్లల చేతే చదివించండి. ‘రిక్వయిర్డ్’ (తప్పనిసరి) అన్నవి ఒక కాగితం మీద, ‘ప్రిఫర్డ్’ (ఉంటే మంచిది) అన్నవి ఇంకో కాగితం మీద రాయించండి. మొదటి కాగితంలో ఉన్నదేదీ వదలకూడదు.

ఏజెంటు రాసే వ్యాసం ఎందుకు పనికిరాదో చూద్దాం. 2026 ప్రవేశాల నుంచి యూకాస్‌లో వ్యాసంగా మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఒక్కోదానికి కనీసం 350 క్యారెక్టర్లు, మూడూ కలిపి 4,000 మించకూడదు. పాత వ్యాసాలతో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. “చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ప్రాణం” అని ఎవరైనా రాయగలరు. “లైబ్రరీ పుస్తకాల జాబితాను వరుసలో పెట్టే ప్రోగ్రామ్ రాశాను, జాబితా పదివేలు దాటేసరికి నత్తనడక నడిచింది, బబుల్ సార్ట్ అనే నెమ్మది పద్ధతి తీసేసి మెర్జ్ సార్ట్ పెట్టాక ఎందుకు వేగం పెరిగిందో అప్పుడు అర్థమైంది” అని రాయాలంటే ఆ పని చేసినవాళ్లే రాయాలి. యూనివర్సిటీలో దరఖాస్తు చదివేవాళ్లు వెతికేది ఇదే. పైగా చాలా యూనివర్సిటీలు చేరిన విద్యార్థికి ఇంత అని ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. “మీకు ఏయే యూనివర్సిటీలతో ఒప్పందం ఉంది?” అని ఏజెంటును ముందే అడగండి.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటిలో ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. అయినా బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం నుంచి అలాంటి కొత్త విద్యార్థులకు ఫీజు పెట్టింది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ఒకేసారి అంతా తీసుకోనివ్వని ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, అందులోంచి నెలకు 992 మాత్రమే తీసుకోనిస్తారు. బ్యాచిలర్స్ కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటాయి. స్కూలు సర్టిఫికెట్ నేరుగా చెల్లకపోతే ముందుగా సాధారణంగా ఏడాదిపాటు విదేశీ విద్యార్థుల్ని యూనివర్సిటీకి సిద్ధం చేసే స్టూడియన్‌కొల్లెగ్ చదవాలి. చేరేముందే జర్మన్ కొంత వచ్చి ఉండాలి, అంటే భాష స్కూల్లో ఉండగానే మొదలుపెట్టాలి.

ఇక వారం ముందు డబ్బు వేయడం. బ్రిటన్ స్టూడెంట్ వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపాల్సినవాళ్ల ఖాతాలో కావలసిన మొత్తం వరుసగా 28 రోజులు ఉండాలి. ఇరవయ్యో రోజున ఇంటి ఖర్చుకని కొంత తీసి నిల్వ ఆ మొత్తం కంటే ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపు పడాలి. ఖాతా విద్యార్థిదో తల్లిదండ్రులదో అయి ఉండాలి. తల్లిదండ్రులదైతే జనన ధ్రువపత్రం, వాళ్ల అంగీకార పత్రం జతచేయాలి. బాబాయి ఖాతాలోనో మేనమామ ఖాతాలోనో ఎంత ఉన్నా అది లెక్కలోకి రాదు. ఆ డబ్బు 28 రోజులు మొదలవకముందే తల్లిదండ్రుల ఖాతాకు మార్చుకోవాలి.