గ్రూపులో ‘ఆమెన్’ పెట్టి వదిలేయకండి

చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రార్థన మనవి వస్తుంది: ‘అమ్మకు రేపు ఆపరేషన్, అందరూ ప్రార్థించండి.’ అయిదు నిమిషాల్లో నలభై ఆమెన్‌లు పడతాయి. ఆ రాత్రి మోకాళ్లేసి ఆమె పేరెత్తేది వాళ్లలో ఎందరు? మూడోరోజు ఫోన్ చేసి ‘ఎట్టా ఉందమ్మా?’ అని అడిగేది ఎందరు? నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. ‘మీ కోసం ప్రార్థన చేస్తాం’ అన్నామంటే మాటిచ్చినట్టే. కష్టంలో ఉన్న మనిషి ఆ రాత్రి ఆ మాట నమ్ముకునే నిద్రపోతుంది.

నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది అయిదుగురే: అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానమ్మ, నర్సు అనే పేరున్న తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. ఫలితం కనబడటం లేదు, నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది అంతకు ముందు ఏడాదే. అట్లాంటప్పుడు ఈ అయిదుగురు ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. వాళ్లడిగిన ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకి. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న. ఈ అంకె మనందరికీ నోటికొచ్చు. దాని ముందు నడిచిన కరువునే మర్చిపోతాం. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూటికోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. ప్రార్థన, పలుగూ పారా కలిసే నడిచాయి.

ఇంతకీ ఎట్లా చెయ్యాలి? ముందు ఒక చిన్న నోటుబుక్కు కొనండి. రోజుకు నాలుగు పేర్లు, ఏడు రోజులకు ఇరవై ఎనిమిది. అంతకు మించితే పేర్లు చదవడమే అవుతుంది, ప్రార్థన అవదు. పేరు పక్కన తేదీ, అడిగిన సంగతి స్పష్టంగా రాయండి. ‘దీవించు ప్రభువా’ అని ఊరుకుంటే మనం ఏం అడిగామో మనకే గుర్తుండదు. బైబిల్లో అబ్రాహాము సొదొమ ఊరిని నాశనం చేయొద్దని, అక్కడ యాభైమంది నీతిమంతులుంటే అని మొదలుపెట్టి పదిమంది దాకా లెక్క పెట్టి దేవుణ్ణి అడిగాడు. మనమూ అట్లాగే అడగాలి: బుధవారం డయాలసిస్‌లో బీపీ పడిపోకూడదు, కనిగిరి వైపు ఆ ఊరికి ఫ్లోరైడ్ లేని నీళ్లు రావాలి, వేట నిషేధం ఉన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆ పడవ ఇంట్లో పొయ్యి వెలగాలి. ఇట్లా అడిగినవాడికి బియ్యం మూట మోసే పని కూడా తనదేనని తెలిసొస్తుంది. పక్షవాయువు వచ్చినవాణ్ణి మంచంతో సహా యేసు దగ్గరికి మోసుకెళ్లి, ఇంటికప్పు విప్పి దించిన నలుగురూ చేసింది అదే.

మాటలు దొరక్కపోతే కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం తొమ్మిదో వచనం నుంచి చదువుతూ మధ్యలో ఆ మనిషి పేరు పెట్టండి. అలసిపోతే ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకోండి. యుద్ధం జరుగుతుంటే కొండమీద పైకెత్తిన మోషే చేతులే బరువెక్కితే అహరోను, హూరు చెరో పక్కన పట్టుకోవాల్సి వచ్చింది.

ఆసుపత్రి వార్డులో మనవాళ్లు చేసే పొరపాటు చాలా బాధ పెడుతుంది. మంచం చుట్టూ ఎనిమిదిమంది నిలబడి ఇరవై నిమిషాలు గట్టిగా ప్రార్థిస్తారు. పక్క మంచం మీద ఇంకో రోగి ఉంటాడు. సెలైన్ ఎక్కుతున్న ఆమె లేచి కూచోవాలా వద్దా అని అవస్థ పడుతుంది. ఇద్దరు చాలు. స్టూలు లాక్కుని ఆమె ముఖానికి సమానంగా కూర్చోండి. ‘దేనికోసం ప్రార్థించమంటావమ్మా?’ అని ముందు అడగండి. చాలాసార్లు ఆమె జబ్బు గురించి చెప్పదు, ఇంటికాడ ఒంటరిగా ఉన్న పిల్ల గురించి చెబుతుంది. దానికోసమే ప్రార్థించండి. మెల్లగా, రెండు నిమిషాలు. మందులు మానెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. టీబీకి మామూలుగా ఆరు నెలల కోర్సు, మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. ‘ఫలానావాళ్ల అబ్బాయి తాగుతున్నాడంట, ప్రార్థించండి’ అని పదిమందిలో అనడం చాడీయే. అట్లాంటివి నోటుబుక్కులోనే ఉండాలి, పేరు మొదటి అక్షరంతో.

అడిగింది జరగకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత ఆ అమ్మ చనిపోవచ్చు. విశ్వాసం చాల్లేదని ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తకండి. ఆదరణ కూడిక అయిపోయి, షామియానా తీసేసి, చుట్టాలు బస్సెక్కాక ఇల్లు బోసిపోతుంది. ఆ వారం నోటుబుక్కులో ఆమె పేరు కొట్టేయకుండా, దాని కిందే పిల్లల పేర్లు రాసుకుని, ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి.